పెట్టె నిలిచేది జిగురు మీద: కోతానంతర పరిశోధన పట్టించుకోని ఒక రసాయన శాస్త్రం

మామిడి పెట్టె కూలినప్పుడు నింద సాధారణంగా ముగ్గురిపై పడుతుంది. కాగితం నాసిరకమని పెట్టె అమ్మినవారిని, విసిరివేశారని హమాలీలను, మితిమీరి పేర్చారని లారీ డ్రైవరును తప్పుపట్టడం పరిపాటి. ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు కారణమైన సందర్భాలు నిజంగానే చాలా ఉన్నాయి. కాని నాలుగవ అనుమానితుని పేరు కోతానంతర నష్టాల నివేదికలలో దాదాపు కనిపించదు. ముడతల అట్టలోని అలను పైపొరకు, లోపొరకు పట్టి ఉంచే జిగురే ఆ నాలుగవ అనుమానితుడు. అది చదరపు మీటరుకు కొద్ది గ్రాములు మాత్రమే ఉంటుంది. పెట్టె ధరలో దాని వాటా స్వల్పం. అందుకే దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కూలిన పెట్టెను విప్పి చూస్తే విషయం చాలావరకు తెలిసిపోతుంది. పొరను అల నుంచి చేతితో మెల్లగా లాగినప్పుడు కాగితపు పీచు చిరిగి, బొచ్చులాగా అలల శిఖరాలపై నిలిచిపోతే జిగురు తన పని తాను చేసినట్లే, ఓడిపోయింది కాగితం. పీచు ఏమాత్రం చిరగకుండా పొర శుభ్రంగా ఊడివచ్చి, అలల శిఖరాలపై తెల్లని గీతలు గాని, గాజులాగా మెరిసే చారలు గాని కనిపిస్తే ఓడిపోయింది జిగురు. ఒక చుక్క అయోడిన్ ద్రావణం వేస్తే పిండి జిగురు పడిన చోటల్లా నీలిరంగు తేలుతుంది. గీతలు ఎంత వెడల్పున ఉన్నాయో, ఎక్కడ తెగిపోయాయో కంటికి కనిపిస్తుంది. ఇది ఇంటర్మీడియట్ విద్యార్థికి సైతం తెలిసిన పరీక్ష. దీనికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. అయినప్పటికీ క్షేత్రస్థాయి నష్టాల నమోదు పత్రాలలో ‘పెట్టె పాడైనది’ అన్న ఒక్క గడి మాత్రమే ఉంటుంది. పెట్టెలో ఏ భాగం, ఏ విధంగా పాడైనదో రాసే చోటు ఉండదు.

ఈ లోపానికి మూలం పాఠ్యప్రణాళికలోనే ఉన్నది. ప్యాకేజింగ్ అంటే కాగితం, ప్లాస్టిక్, లోహం, గాజు అన్న నాలుగు పదార్థాల పాఠంగానే వ్యవసాయ, ఉద్యాన, ఆహార సాంకేతిక విద్యార్థులకు చేరుతున్నది. ఆ పదార్థాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే అయిదవ పదార్థం జిగురు. దానిపై జీవితకాలం పనిచేసే రసాయన శాస్త్రవేత్తలు ఉన్నారు. వారు వాడే ముడిసరుకులో పెద్ద భాగం పొలంలో పండినదే. వారు కట్టిన పెట్టెల్లో ప్రయాణించేదీ పొలంలో పండినదే. ఈ రెండు చివరల మధ్య ఉన్న శాస్త్రవేత్తను వ్యవసాయ పరిశోధన ఎన్నడూ తన మనిషిగా భావించలేదు.

జిగురు తెలుగువారికి కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మలకు అతుకులు వేసే మక్కును చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేస్తారు. పుస్తకాలు కుట్టేవారు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవారు. గిరిజనులు సేకరించే తపసి బంక కట్టుడుపళ్లను పట్టి ఉంచే పొడులలో సైతం వాడబడుతున్నది. వీటన్నింటిలోనూ సూత్రం ఒకటే. మొక్క నిల్వ చేసుకున్న పొడవైన చక్కెర గొలుసులు నీటిలో ఉబ్బి, రెండు ఉపరితలాల రంధ్రాలలోకి చొచ్చుకుని, నీరు పోయిన తరువాత గట్టిపడి పట్టు ఇస్తాయి. పరిశ్రమకు వచ్చేసరికి ఈ పని గంటల్లో కాక సెకనులో చిన్న భాగంలో జరగవలసి ఉంటుంది. కష్టమంతా అక్కడే.

ముడతల అట్టకు ఒకప్పుడు సోడియం సిలికేటు వాడేవారు. అది గాలిలోని తేమను పీల్చుకునేది. దాని క్షారగుణం వలన అట్టపై మరకలు పడేవి. 1930ల మధ్యలో అమెరికాలోని స్టెయిన్ హాల్ సంస్థకు చెందిన జోర్డన్ బావర్ రూపొందించిన పిండి జిగురు పద్ధతి ఆ స్థానాన్ని ఆక్రమించింది. నేటికీ ప్రపంచంలోని ముడతల అట్టలో అధికభాగం ఆ పద్ధతి మీద, లేదా దాని నుంచి పుట్టిన పద్ధతుల మీద తయారవుతున్నది. అందులోని ఆలోచన మెచ్చదగినది. పిండినంతా ముందే ఉడికిస్తే జిగురు యంత్రంలో పారలేనంత చిక్కబడుతుంది. ఉడికించకుండా వాడితే పిండి నీటి అడుగున పేరుకుపోతుంది. కావున పిండిలో కొద్ది భాగాన్ని మాత్రమే కాస్టిక్ సోడాతో ఉడికించి చిక్కని వాహకంగా చేస్తారు. మిగిలిన పచ్చిపిండిని అందులో తేలియాడేట్లు కలుపుతారు. ఈ మిశ్రమం అలల శిఖరాలపై పడి, వేడి రోలర్ల మధ్యకు వెళ్లిన క్షణంలోనే పచ్చిపిండి రేణువులు అక్కడికక్కడ ఉబ్బి పగిలి జిగురవుతాయి. అంటే వంట జరిగేది పాత్రలో కాదు, అట్ట మీద.

నీటిలో మొక్కజొన్న పిండి సుమారు 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉడుకుతుంది. కాస్టిక్ సోడా పాలు పెంచితే ఈ ఉష్ణోగ్రత తగ్గుతుంది. యంత్రం మరింత వేగంగా నడుస్తుంది. అయితే క్షారం హద్దు మీరితే వేసవి ఎండకు జిగురు తొట్టిలోనే గడ్డకడుతుంది. బోరాక్స్, అనగా వెలిగారం, పిండి గొలుసులను ఒకదానికొకటి ముడివేసి పచ్చి పట్టును పెంచుతుంది. మోతాదు ఎక్కువైతే జిగురు తీగలు సాగి యంత్రానికి చుట్టుకుంటుంది. పగలు 42 డిగ్రీలు ఉండే గిడ్డంగిలో రాత్రంతా నిలువ ఉన్న జిగురులో బాక్టీరియా చేరి పిండి గొలుసులను తెంచుతుంది. ఉదయానికి చిక్కదనం సగం పోయి ఉంటుంది. వీటన్నింటి మధ్య ఒక సన్నని దారిని వెతకడమే పరిశోధన రసాయనజ్ఞుని నిత్యకృత్యం. కప్పు నుంచి జిగురు కారే సమయం, జెల్ ఉష్ణోగ్రత, ఘనపదార్థాల శాతం ప్రతి ఉదయం కొలవడం, నిన్నటి అట్ట ముక్కను పీకి చూడడం అతని పని. బయటివారు ఊహించుకునే ఆవిష్కరణ క్షణాలు ఈ వృత్తిలో అరుదు. 1968లో త్రీఎం సంస్థలో స్పెన్సర్ సిల్వర్ బలమైన జిగురు కోసం ప్రయత్నిస్తుండగా బలహీనమైన జిగురు చేతికి రావడం, అది 1980లో పోస్ట్-ఇట్ కాగితాలై అంగళ్లకు రావడం కథగా బాగుంటుంది. మొక్కజొన్న పిండి కొత్త లాటు వచ్చిన రోజున పాత సూత్రం ఎందుకు పనిచేయలేదో కనిపెట్టడం కథ కాదు. జీతానికి తగిన పని అదే.

ఆ కొత్త లాటు వద్దనే వ్యవసాయ శాస్త్రవేత్త ప్రవేశించవలసి ఉన్నది. సాధారణ మొక్కజొన్న పిండిలో అమైలోజ్ సుమారు 25 నుంచి 28 శాతం, మిగిలినది అమైలోపెక్టిన్. మైనపు మొక్కజొన్నలో దాదాపు అంతా అమైలోపెక్టినే. కర్రపెండలం పిండిలో అమైలోజ్ సుమారు 17 నుంచి 20 శాతం. అది తేలికగా ఉడికి, పారదర్శకమైన, సాగే జిగురునిస్తుంది గాని యంత్రపు రాపిడికి త్వరగా పలచబడుతుంది. ఉభయ గోదావరి జిల్లాల కర్రపెండలం రైతులకు సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల సగ్గుబియ్యపు మిల్లులే ప్రధాన ఆధారం. సగ్గుబియ్యం ధర పడిన ఏడాది పొలంలోని దుంప తవ్వకం కూలికి కూడా కొరగాని పరిస్థితి వారికి తెలియనిది కాదు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఈ పిండి నుంచి జిగురుల తయారీపై కృషి చేసింది. తెలుగు నేలపై ఆ కృషికి కొనసాగింపు ఎందుకు బలహీనంగా ఉన్నదన్నది విశ్వవిద్యాలయాలు వేసుకోదగిన ప్రశ్న. మార్కెట్టు లేదని సమాధానం చెప్పడం సులభం. కాని పెట్టెల కర్మాగారాలు ఆ మిల్లులకు దూరమేమీ కావు. అడ్డుపడుతున్నది పిండి నాణ్యతలో నిలకడ లేకపోవడం. ఎండబెట్టే కళ్లాలపై పడే మట్టి, తవ్వకానికి, మిల్లుకు మధ్య ఆలస్యం వలన పులిసిన దుంప, లాటు లాటుకూ మారే ఆమ్లగుణం జిగురు తయారీదారును వెనుకాడేట్లు చేస్తున్నాయి. ఇవన్నీ వ్యవసాయ, ఆహార సాంకేతిక శాస్త్రవేత్తలు సరిదిద్దగల విషయాలే.

మొక్కజొన్న విషయం మరో మలుపు తిరిగింది. పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం పెరగడంతో మొక్కజొన్నకు కొత్త కొనుగోలుదారు వచ్చాడు. రైతుకు అది మేలే. పిండి మిల్లులకు, వాటిపై ఆధారపడిన జిగురు తయారీదారులకు మాత్రం ముడిసరుకు ఖరీదైనది. ఖరీదు పెరిగినప్పుడు జిగురులో పిండిపాలు తగ్గించి నీటిపాలు పెంచాలన్న ఒత్తిడి కర్మాగారంలో ఏర్పడుతుంది. నీరు ఎక్కువైన జిగురు పలచగా పడుతుంది, ఆలస్యంగా ఆరుతుంది, అట్ట వంకర తిరుగుతుంది. ఈ గొలుసు చివర మళ్లీ రైతే ఉంటాడు, ఈసారి మొక్కజొన్న రైతు కాక మామిడి రైతు. ఒక పంట ధరకూ మరొక పంట పెట్టెకూ ఉన్న ఈ సంబంధం ఏ వ్యవసాయ ఆర్థిక శాస్త్ర పాఠంలోనూ కనిపించకపోవడం విచిత్రం.

తేమ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. భారతదేశంలో కాగితం, అట్టల పరీక్షలు 27 డిగ్రీల ఉష్ణోగ్రత, 65 శాతం సాపేక్ష తేమ వద్ద జరుగుతాయి. ప్రయోగశాలల మధ్య ఫలితాలు పోల్చుకోవడానికి అటువంటి ఒక ప్రమాణం అవసరమే. కాని మామిడి పెట్టె జీవితంలో ఆ పరిస్థితి ఎంతసేపు ఉంటుంది? ఐరోపాకు వెళ్లే పండును పండు ఈగ నివారణకై 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచుతారు. ఆరీ ఆరని పండు పెట్టెలోకి చేరుతుంది. అక్కడ నుంచి 12, 13 డిగ్రీల శీతల గదికి, అక్కడ నుంచి మళ్లీ ఎండలో నిలిచిన వాహనానికి మారుతుంది. చల్లని అట్టపై వేడిగాలిలోని ఆవిరి నీటి బిందువులై దిగుతుంది. పండు సైతం శ్వాసిస్తూ, లోపలి నుంచి నిరంతరం నీటిఆవిరిని విడుస్తుంటుంది. సాపేక్ష తేమ 90 శాతానికి చేరినప్పుడు అట్టపెట్టె మోయగల బరువు పొడి స్థితిలోని దానిలో సగానికి దగ్గరగా పడిపోతుందని ప్యాకేజింగ్ శాస్త్రంలో చిరకాలంగా తెలిసినదే. అంతేకాదు, యంత్రంపై క్షణాల్లో కొలిచిన బలంలో సగానికి కాస్త పైబడిన భారాన్ని వారాల తరబడి మోపితే మంచి పెట్టె కూడా మెల్లగా కుంగి కూలుతుంది. ఓడలో మూడు వారాలు ప్రయాణించే పెట్టెకు ఈ రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.

ఇటువంటి పెట్టెలకై జిగురులో తేమను తట్టుకునే రెసిన్లు కలుపుతారు. పిండి గొలుసులలోని నీటిని ప్రేమించే భాగాలను ఇవి ముడివేసి, తడిసినా పట్టు సడలకుండా చూస్తాయి. అటువంటి జిగురుతో చేసిన అట్ట ముక్కకు చిన్న బరువు వేలాడదీసి, 24 గంటలు నీటిలో ముంచి ఉంచే పరీక్ష ఒకటి ఐరోపా పెట్టెల తయారీదారుల సమాఖ్య పద్ధతులలో ఉన్నది. సాధారణ పిండి జిగురు ఈ పరీక్షలో త్వరగానే ఊడిపోతుంది. పెట్టె కొనే రైతు ఉత్పత్తిదారుల సంఘం తమకు ఏ జిగురు కావాలో అడగవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. వారి కొనుగోలు పత్రాలలో పొరల సంఖ్య, కాగితపు బరువు, పైన అచ్చు వేయవలసిన బొమ్మ ఉంటాయి. బొమ్మపై జరిగినంత చర్చ జిగురుపై జరగదు.

ఇక్కడ మరొక చిక్కు కూడా ఉన్నది. ఈ రెసిన్లలో అనేకం ఫార్మాల్డిహైడ్ రసాయనంపై ఆధారపడినవి. మోతాదు, క్షారగుణం సరిగా లేకపోతే విడి ఫార్మాల్డిహైడ్ కర్మాగారపు గాలిలోకి వస్తుంది. దానిని పీల్చేది ముందుగా అక్కడి కార్మికులు. తేమను బలంగా తట్టుకునే అట్ట పాత కాగితపు మిల్లులో తేలికగా కరగదు కూడా. కనుక ప్రతి పెట్టెకూ అత్యంత బలమైన జిగురు కావాలని కోరడం సరికాదు. పక్క జిల్లాకు పొడిగా వెళ్లే పెట్టెకు సాధారణ జిగురు చాలు. శీతల గొలుసులో వెళ్లే పెట్టెకు మాత్రమే తేమ నిరోధకత కావాలి. ఏ పెట్టె ఏ దారిన వెళుతుందో రసాయనజ్ఞునికి తెలియదు. తెలిసినది విస్తరణ శాస్త్రవేత్తకు. వీరిద్దరూ మాట్లాడుకునే వేదిక లేకపోవడం వలన, అవసరం లేని చోట ఖర్చూ, అవసరమైన చోట నష్టమూ కలుగుతున్నాయి.

చిన్న పెట్టెల కర్మాగారాల గురించి కూడా చెప్పాలి. జిల్లా కేంద్రాల పారిశ్రామికవాడల్లో కనిపించే యూనిట్లు చాలావరకు పూర్తి యాంత్రిక వరుసలు కావు. అల వేసి ఒక పొర అంటించేది ఒక యంత్రం. రెండవ పొరను విడిగా, జిగురు పొడిని నీటిలో కలిపి, వేడి లేకుండా అంటించి ఆరబెడతారు. మొదటి అతుకు వేడితో ఉడికినది, రెండవది కేవలం ఆరినది. వానాకాలంలో ఆరబెట్టే వ్యవధి చాలక, రెండవ అతుకులో తేమ మిగిలిపోయిన అట్టనే పెట్టెలుగా మడిచి పంపుతారు. కూలిన పెట్టెలో ఊడినది ఎప్పుడూ ఒకే వైపు పొర అయితే కారణం ఇక్కడ వెతకాలి. ఈ యూనిట్లకు రసాయనజ్ఞుడిని నియమించుకునే స్తోమత లేదు. జిగురు పొడి సంచిపై ముద్రించిన రెండు వాక్యాల సూచనే వారికి ఉన్న శాస్త్రం. రైతుకు నేలసార పరీక్ష చేయించే వ్యవస్థ ఉన్నట్లు, ఈ యూనిట్లకు జిగురు పరీక్ష చేసి చూపే వ్యవస్థ ఎక్కడో ఒకచోట ఉండాలి. 1966లో స్థాపితమైన భారతీయ ప్యాకేజింగ్ సంస్థకు హైదరాబాదులో కేంద్రం ఉన్నది. బాపట్ల, పులివెందులలో ఆహార సాంకేతిక కళాశాలలు ఉన్నాయి. ఈ పనికి కొత్త భవనాలు కట్టవలసిన అవసరమైతే లేదు.

పెట్టె నుంచి పౌచ్‌కు వస్తే పరిస్థితి మరింత సున్నితమైనది. స్వయం సహాయక సంఘాల మహిళలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు నేడు కారం, పసుపు, ఊరగాయలు, చిరుధాన్యాల పిండి మెరిసే పౌచ్‌లలో అమ్ముతున్నారు. ఆ పౌచ్ ఒక పొర కాదు. అచ్చు వేసిన పాలిఎస్టరు, మధ్యలో అల్యూమినియం రేకు లేదా లోహపు పూత, లోపల పాలిథిన్. వీటిని కలిపేది ఎక్కువగా పాలియురెథేన్ జిగురు. పాలియురెథేన్ రసాయనాన్ని 1937లో జర్మనీలో ఆటో బేయర్ బృందం కనిపెట్టింది. ఐసోసైనేటు, పాలియాల్ అనే రెండు భాగాలు కలిసి గట్టిపడే ఈ జిగురు పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది. ఆ వ్యవధి పూర్తికాక ముందే పౌచ్ కోసి నింపితే, మిగిలిన సుగంధ ఐసోసైనేటు తేమతో చర్య జరిపి ప్రాథమిక అరోమాటిక్ అమీన్‌లుగా మారవచ్చు. అమీన్‌లలో కొన్ని క్యాన్సరు కారకాలు. ఐరోపాలో ఆహారంలోకి ఇవి కిలోకు 0.01 మిల్లీగ్రాము స్థాయిలో కూడా కనిపించరాదన్నది నియమం. అన్నట్లు, ‘సుగంధ’ అన్న మాటకు ఇక్కడ పరిమళంతో సంబంధం లేదు. బెంజీన్ వలయానికి పాఠ్యపుస్తకం పెట్టిన పేరది.

ఊరగాయ ఈ జిగురుకు కఠిన పరీక్ష. ఆవకాయలో నూనె ఉన్నది, మామిడి పులుపు ఉన్నది, ఉప్పు ఉన్నది, ఆవపిండి ఘాటు ఉన్నది. ఇవన్నీ లోపలి పాలిథిన్ పొరను దాటి నెమ్మదిగా జిగురును చేరి దానిని మెత్తబరుస్తాయి. కొన్ని వారాలకు రేకు, పాలిథిన్ మధ్య బుడగలు లేస్తాయి, పొర విడిపోతుంది, అతుకు వద్ద నూనె కారుతుంది. కొనుగోలుదారు నిందించేది ఊరగాయ చేసిన సంఘాన్ని. 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనలు ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి చేరే పదార్థాల మొత్తానికి కిలోకు 60 మిల్లీగ్రాముల పరిమితిని విధించాయి. పరీక్షలో ఆహారానికి బదులు నమూనా ద్రవాలు వాడతారు: పులుపుకు 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, నూనెకు హెప్టేన్ వంటి ద్రావణి. ఒక్కొక్కటి విడివిడిగా పెడతారు. ఆవకాయలో మాత్రం అన్నీ ఒకేసారి ఉంటాయి, మే నెల ఎండలో ఉంటాయి, ఏడాది పొడవునా ఉంటాయి. తెలుగువారి ఊరగాయకు తగిన పరీక్ష పద్ధతిని తెలుగు విశ్వవిద్యాలయాలు కాక మరెవరు రూపొందిస్తారని ఎదురుచూడాలి? ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత గ్రంథానికి ఇంతకన్న తగిన అంశం సులభంగా దొరకదు: నాలుగు రకాల పౌచ్‌లు, నిజమైన ఆవకాయ, మూడు ఉష్ణోగ్రతలు, నెలనెలా పొరల పట్టును న్యూటన్లలో కొలవడం.

దీనిపై వినిపించే అభ్యంతరాలు తేలికగా తీసివేయదగినవి కావు. జిగురు పరిశ్రమల వ్యవహారమని, సూత్రాలు వారి రహస్యమని, విశ్వవిద్యాలయం చేయగలిగింది తక్కువని కొందరంటారు. సూత్రం రహస్యమన్నది నిజమే. పట్టు రహస్యం కాదు. దానిని ఎవరైనా కొలవవచ్చు. విత్తన సంస్థ తన జనక వంశాలను వెల్లడించకపోయినా విశ్వవిద్యాలయం ఆ హైబ్రిడ్‌ను బహుళస్థాన పరీక్షలలో పెట్టి దిగుబడి చెబుతున్నది కదా. జిగురుకూ ఆ పాటి పరీక్ష చాలు. ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాక అట్టపెట్టెతో పనేమిటన్నది మరొక వాదం. మదనపల్లె టమాటాకు క్రేటు నిస్సందేహంగా మేలైనది. కడిగి మళ్లీ వాడవచ్చు, తడిసినా కూలదు. కాని విమానం ఎక్కే మామిడికి, దూరనగరాల దుకాణాలకు వెళ్లే దానిమ్మకు, తిరిగిరాని ప్రయాణానికి క్రేటు పంపలేరు. అక్కడ అట్టపెట్టె తప్పదు.

మూడవ అభ్యంతరం విద్యార్థుల నుంచి వస్తుంది. వ్యవసాయం చదివి జిగురు కర్మాగారంలో చేరడమేమిటని వారి సందేహం. జిగురుల పరిశోధనలోకి ఇప్పుడు ప్రవేశిస్తున్నవారు ఎక్కువగా రసాయన శాస్త్రం, పాలిమర్ శాస్త్రం చదివినవారు. వారికి పాలిమర్ గొలుసు తెలుసు. పచ్చి మామిడి ఎంత నీరు విడుస్తుందో తెలియదు, రబీ మొక్కజొన్నకూ ఖరీఫ్ మొక్కజొన్నకూ తేడా తెలియదు, కల్లంలో తడిసిన గింజ పిండి ఎందుకు పలచబడుతుందో తెలియదు. ఈ మూడూ తెలిసి, పిండి రసాయనంపై కొంత పట్టున్న ఆహార సాంకేతిక పట్టభద్రుడు అక్కడ అరుదైనవాడవుతాడు. బీటెక్ విద్యార్థుల పారిశ్రామిక శిక్షణలో పాల కేంద్రం, బియ్యపు మిల్లులతోపాటు ఒక పెట్టెల కర్మాగారం, ఒక లామినేషన్ కర్మాగారం చేర్చడానికి పాఠ్యప్రణాళిక సవరణ సైతం అక్కరలేదు; అధ్యాపకుల నిర్ణయం చాలు.

రసాయనజ్ఞుల తప్పు కూడా లేకపోలేదు. జిగురు శాస్త్రవేత్తకు ఖాతాదారు పెట్టెల కర్మాగారమే గాని రైతు కాదు. కర్మాగారం అడిగేది యంత్రం నిమిషానికి మరికొన్ని మీటర్లు వేగంగా నడవాలని, కిలో జిగురు ధర తగ్గాలని. ఆ రెండింటినీ సాధించినవాడే ఆ వృత్తిలో సమర్థుడు. పెట్టె గమ్యం చేరాక ఎలా ఉన్నదో అతనికి చేరే సమాచారం ఫిర్యాదు రూపంలోనే, అదీ నెలల తరువాత, అట్ట ముక్క కూడా లేకుండా వస్తుంది. ఫిర్యాదుతోపాటు ఊడిన అట్ట ముక్క, ఏ తేదీన ఏ గదిలో ఎన్ని గంటలు ఉన్నదో రాసిన చీటీ వస్తే అతడు చేయగలిగింది చాలా ఉంటుంది. అటువంటి చీటీ రాయగలవారు కృషి విజ్ఞాన కేంద్రాలలోనూ ప్యాక్ హౌసులలోనూ ఉన్నారు. రానున్న మామిడి కాలంలో ప్రతి కేంద్రం పాడైన పెట్టెలలో పది చొప్పున విప్పి, ఏ వైపు పొర ఊడింది, పీచు చిరిగిందా లేదా, అయోడిన్ గీత ఎంత వెడల్పున తేలింది, పెట్టె శీతల గదిలో ఉన్నదా లేదా అన్న నాలుగు అంశాలు నమోదు చేస్తే, సీజను ముగిసేనాటికి ఏ యూనిట్ల పెట్టెలకు జిగురు మార్చాలో, ఎవరి పెట్టెలకు కాగితం మార్చాలో చెప్పగల సమాచారం తొలిసారిగా చేతిలో ఉంటుంది.